క్యాప్సూల్లో గోధుమపిండి

ప్రకటన.

ఇందుమూలంగా నా ఏకైక తమ్ముడికీ, వాడి ఇంట్లోని సమస్త సీసాలకూ, ఆ సీసాల మూతలకూ తెలియజేయడం ఏమనగా, పోయిన నెల నేను మీ ఇంట్లో మర్చిపోయి వచ్చిన ఎర్ర గొడుగును మీరు వాడేసుకుంటున్నట్టు నా దృష్టికి వచ్చింది. తడి గొడుగును మడిచి తలుపు వెనక నిలబెట్టడం నేరం. దాని వంకీతో అటక మీది డబ్బాలు లాగడం ఘోరమైన నేరం. ముందు దీని మీద విచారణ జరిపి, శిక్ష ఖరారు చేసి, ఆ తర్వాతే క్షేమ సమాచారాలు రాయాలని ఈ అక్క ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానాన్ని మీ బావ బలపరిచారు. అంటే, పేపర్లోంచి తల ఎత్తకుండా "ఊఁ" అన్నారు.

చిరంజీవి తమ్ముడికి మీ అక్క దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ బావకి మోకాలి నొప్పి, నా అరచేతికి ఆవిరి తగిలి బొబ్బ, పక్కింటి పిల్లికి కొత్తగా సంతానం. ఇవి తప్ప అంతా కులాసా. అక్కడ నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను అని రాయడం పద్ధతి. రాయను. నువ్వు కులాసాగా లేవు. నాకు ఒళ్ళు మండిపోతోంది. గొడుగు సంగతి ముందెందుకు రాశానో తెలుసా? ఆ నాలుగు ముక్కలూ వెటకారంగా రాసి చెయ్యి చల్లబరుచుకోకపోతే ఈ పెన్ను కాగితాన్ని చీల్చేసేది.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చేశాను. ఎత్తగానే నువ్వు మొదలుపెడతావు. నేను "హలో" అనేలోపు మూడు ఊళ్ళు తిరిగొస్తావు. మొన్న అంతసేపు మాట్లాడుకున్నామా, అందులో నా వాటాకి వచ్చినవి "ఊఁ", "ఆఁ", "ఒరే, కాస్త ఆగరా". కాగితమైతే నువ్వు మధ్యలో దూరలేవు. కూర్చో. నోరు మూసుకుని చివరిదాకా చదువు.

నీ ఉత్తరం అందింది. ఉత్తరమా అది, దిండు! "ఏం పుస్తకం తెప్పించారమ్మా?" అనడిగాడు పోస్ట్‌మాన్. కాగితాలు చాలక అంచుల్లో రాశావు, అంచులు చాలక కవరు లోపలివైపు రాశావు. చిన్నప్పుడు ఆవు మీద వ్యాసం రాయడానికి నాకు బలపాలు లంచమిచ్చిన ఘనుడివి నువ్వు. ఏడో తరగతితో చదువాపేసిన నేను రాస్తే నువ్వు ఎనిమిది గట్టెక్కావు. తొమ్మిదిలో సొంతంగా రాసుకుని తప్పావు. అలాంటివాడు ఇంత లావు ఉత్తరం రాశాడంటేనే నా గుండెలో రాయి పడింది.

అడిగినవాటికి జవాబులు చెప్పకపోతే మళ్ళీ అలుగుతావు కాబట్టి చెప్తున్నాను. పక్కవీధిలో మేడ కొనమంటావా అన్నావు. వద్దు. లిఫ్టు మెకానిక్ ఉద్యోగం మానేసి సొంత లిఫ్టు కంపెనీ పెడతాను, మేనేజరుగా రా అన్నావు. రాను. లిఫ్టెక్కితే నాకు కళ్ళు తిరుగుతాయి, నీ ఉత్తరం చదివినా తిరిగాయి. "అక్కా, నన్నెప్పుడైనా ఇంత సంతోషంగా చూశావా?" అన్నావు. చూశానురా. ఒకసారి చూశాను. దాని దగ్గరికి వస్తాను.

నువ్వు నాకు పంపిన సీసా వాడుతున్నానా అనడిగావు. మనసుని నిలకడగా ఉంచే సప్లిమెంటు, రోజుకి రెండు, కోపం తగ్గుతుంది, నీకే ముఖ్యంగా అవసరం అని అప్పుడు సీసాతో వచ్చిన చీటీలో రాశావు చూడు, అక్కడికి నీ తెలివి ఇంకా పూర్తిగా చావలేదని సంతోషించాను. ఆ సీసా కథ విను.

మా హోటల్ లాండ్రీలో సూపర్వైజరమ్మ ఉంది కదా, మేమంతా కుక్కర్ అని పిలుచుకునే ఆవిడ. దుప్పటిలో ఒక్క ముడత కనిపిస్తే చాలు, విజిలేసేస్తుంది. నీ సీసా నేను మింగలేదు, ఆవిడకీ పెట్టలేదు. ఉతికిన దుప్పట్లు మడతపెట్టే బల్ల మీద పెట్టి, పక్క మనిషి చెవిలో ఊదాను: "కుక్కరమ్మ కోపం తగ్గడానికి మందు మొదలెట్టింది, ఎవరికీ చెప్పకు." ఎవరికీ చెప్పకు అంటే మా దగ్గర మైకు పెట్టినట్టే. మధ్యాహ్నానికి ఇస్త్రీ ప్రెస్సు దగ్గరున్నవాళ్ళందరికీ తెలిసిపోయింది.

ఇక చూడు. "ఇవాళ ఎంత ప్రశాంతంగా ఉన్నారమ్మా!" అందొకతి. "మొహంలో కళ వచ్చింది మేడమ్," అన్నాడు మూటలు మోసేవాడు. ఆవిడ ముందు అనుమానంగా చూసింది, తర్వాత అద్దంలో చూసుకుంది. మందు పనిచేస్తోందని నమ్మి మావాళ్ళు ఆవిణ్ణి చూసి ముడుచుకోవడం మానేశారు. మనుషులు మనిషితో మాట్లాడినట్టు మాట్లాడారు. ఆవిడా తిరిగి మాట్లాడింది. నిజంగానే అరుపులు తగ్గాయిరా! మూత కూడా తియ్యని సీసా అది! ఆవిడ నోట్లో ఆ క్యాప్సూల్ ఒక్కటి పడలేదు. తర్వాత ఒకనాడు పరదాల మూట మొత్తం మాడిపోయింది, కుక్కర్ పాత విజిలే వేసింది. "అయ్యో, ఇవాళ మందేసుకోవడం మర్చిపోయినట్టుంది," అని మావాళ్ళు జాలిపడ్డారు. నేను ప్రెస్సు వెనక్కి వెళ్ళి, నోట్లో తువ్వాలు కుక్కుకుని నవ్వాను.

నవ్వానా, ఆ సాయంత్రమే ఇంటికొచ్చి నీ దిండు విప్పాను. మేడకీ కంపెనీకీ మధ్యలో, అన్నంలో రాయిలాగా ఒక్క ముక్క తగిలింది. "డాక్టరు బిళ్ళలు ఆపేశానక్కా. అవి విషం. ఇప్పుడు ఈ క్యాప్సూళ్ళే. మనసు గట్టుకి కట్టిన పడవలా నిలకడగా ఉంది. మీ మరదలికి చెప్పకు."

చెప్పాను. చెప్పానని నీకూ చెప్తున్నాను.

నేను చెప్పకముందే ఆ పిల్ల సగం పసిగట్టింది. నిన్న డాబా మీద బట్టలు ఆరేసే వంకన పైకెళ్ళి, గొంతు తగ్గించి నాకు ఫోన్ చేసింది. "వదినా, ఈయన సేఫ్టీ బెల్టు లేకుండా లిఫ్టు గోతిలోకి దిగారంట. వాళ్ళ పెద్ద మెకానిక్ ఇంటికొచ్చి మరీ చెప్పాడు. ఏంటండీ ఇది అనడిగితే, నాకిప్పుడు బరువే లేదు, నాకెందుకు బెల్టు అంటున్నారు." ఇంత చెప్పి ఏడవలేదు. "ఆయన నిద్ర పోవడం లేదు వదినా. సంతోషంగానే ఉన్నారు. ఆ సంతోషం చూస్తేనే భయంగా ఉంది," అంది.

బరువు లేదా నీకు? ఎన్ని అంతస్తుల బిల్డింగురా అది? బరువుందో లేదో తూచి చూసుకునేది అడుగున నేలని తాకినప్పుడే! అప్పుడు ఆ లెక్క మాకు చెప్పడానికి నువ్వుండవు. నువ్వు దిగిన ఆ లిఫ్టే మర్నాడు ముసలివాళ్ళూ స్కూలు పిల్లలూ ఎక్కుతారు. నట్టు బిగించావో లేదో గుర్తుందా? గుర్తుందనే అంటావు. నీకిప్పుడు అన్నీ గుర్తే, అన్నీ తెలుసు, అన్నీ వచ్చు. అదే కదరా నీ జబ్బు!

నిన్ను ఇంత సంతోషంగా ఎప్పుడు చూశానో చెప్తానన్నాను కదా. మా ఇంట్లో ఉన్నప్పుడు చూశాను. నీ పెళ్ళికి ముందు సంగతి. ఇంట్లో తలుపులన్నీ ఊడదీసి రంగులేస్తానన్నావు. ఒక్కో తలుపుకీ ఒక్కో రంగు, ప్రపంచంలో ఎక్కడా లేని ఇల్లు చేస్తానన్నావు. మీ బావకి స్నానాల గది తలుపు కూడా మిగల్చలేదు. పాపం, ఆ మనిషి గుమ్మానికి దుప్పటి కట్టుకుని స్నానం చేశాడు గానీ నిన్ను ఒక్క మాట అనలేదు. అందరం నవ్వాం. నేనైతే నీ పక్కన చేరి డబ్బాలో రంగు కలిపాను. ఆ తర్వాత ఒక పొద్దున నువ్వు లేవలేదు. తలుపు లేని గదిలో గోడవైపు తిరిగి పడుకున్నావు. తిండి లేదు, మాట లేదు. నీకు చాటు కావాలని గుమ్మానికి నేను దుప్పటి కట్టాను. ఆ దుప్పటి అవతల నువ్వు ఊపిరి తీస్తున్నావో లేదో అని చెవి పెట్టి కూర్చున్నాను. సగం రంగేసిన ఒక తలుపు ఇప్పటికీ మా ఇంట్లో అలాగే ఉంది. వచ్చినవాళ్ళు "ఇదేంటమ్మా" అంటే "ఫ్యాషను" అని చెప్తాను.

నిన్ను ఆ గదిలోంచి బయటికి తెచ్చింది ఆ డాక్టరమ్మా, నువ్వు విషం అంటున్న ఆ బిళ్ళలూ. పైకెళ్ళినప్పుడు మరీ పైకెళ్ళనివ్వకుండా, కిందికొచ్చినప్పుడు మరీ అడుక్కి పోనివ్వకుండా పట్టుకునేవి అవి.

ఇక విషం అన్న మాట నీ నోట్లో పెట్టినవాడి సంగతి. మీ ఆఫీసులో గుమాస్తాగా చేసి, ఇప్పుడు సీసాలమ్ముకుంటున్న మీ చిరునవ్వుగాడు. నంబరు, లాండ్రీ నుంచి తిరిగి తెచ్చేసుకున్న నా సీసా మీదే ఉంది. చేశాను.

"నమస్కారం అక్కగారూ! మీ తమ్ముడు మా స్టార్ కస్టమర్."

"ఏం నాయనా, నా తమ్ముడి చేత డాక్టరు మందు మాన్పించావట?"

"నేను మాన్పించలేదండీ. వారి ఒళ్ళే వద్దంది. మాది ప్రకృతి అక్కగారూ, ఆకులూ వేళ్ళూ."

"ఉమ్మెత్తకాయ కూడా చెట్టుకే కాస్తుంది. తింటావా?"

"మీరు నెగెటివ్‌గా ఆలోచిస్తున్నారు."

"మా వాడు లిఫ్టు గోతిలో పడితే వచ్చి తీస్తావా? పాజిటివ్‌గా చెప్పు."

అప్పుడు వాడి చిరునవ్వు ఎటో పోయింది. "సీసా వెనకాల రాసే ఉందండీ, చూసుకోండి," అని పెట్టేశాడు. మీ బావ కళ్ళజోడు పెట్టుకుని చూశాను. చీమ కళ్ళంత అక్షరాలు. "ఇది ఏ జబ్బుకూ మందు కాదు. వాడేముందు డాక్టర్ని అడగండి." చూశావా? ఆ సీసా కూడా వాడికంటే నిజాయితీగా ఉంది! నీకంటే కూడా.

సీసా ఎలాగూ అడగమంటోంది కదా అని సంచీలో వేసుకుని నీ పాత డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళాను. గెంటేస్తుందనుకున్నాను. గెంటలేదు. సీసా తిప్పి తిప్పి చదివింది. నువ్వు తిడతావని ఆవిడ మాటలు ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నా ఉప్పూ కారం కలపలేదు. ఒంట్లో కొన్ని విటమిన్లూ ఇనుమూ తగ్గితే మనసు కూడా కుంగుతుందట. రక్తపరీక్ష చేసి, తగ్గాయని తేలితే ఆవిడే రాస్తుందట. చేపనూనెలాంటివి కుంగిన మనసుకి, కొందరికి, మందుతోపాటు వాడితే కొంచెం మేలు చేసినట్టు పరిశోధనల్లో కనిపించిందట. "కొంచెం" అని రెండుసార్లు అంది. "కానీ మీ తమ్ముడిలా పైకీ కిందికీ పోయే మనిషిని ఇవి మాత్రమే పట్టి ఉంచుతాయని ఎవరూ చూపించలేదమ్మా. మందుకి తోడు వేరు, మందుకి బదులు వేరు," అంది. తర్వాత జాబితాలో ఒక ఆకు పేరు మీద వేలు పెట్టి ఆగింది. "ఇది మాత్రం అసలు వద్దు. ఇలాంటి మనిషిని ఇంకా పైకి తోసెయ్యగలదు. వేరే బిళ్ళలతోనూ పడదు," అంది.

అక్కడితో నా కోపం ఆవిడ మీదికి మళ్ళింది. నీ ఉత్తరం చివర్లో, కవరు లోపలివైపు రాశావు కదా, బిళ్ళలు వేసుకుంటే చేతులు వణుకుతున్నాయని, స్క్రూ పట్టుకుంటే జారిపోతోందని, తోటివాళ్ళు నిన్ను వైబ్రేటర్ అని పిలుస్తున్నారని, మనసు తడి గుడ్డలా బరువుగా ఉంటోందని. అది చదివి మాత్రం నాకు నీ మీద కోపం రాలేదు. దిండంత ఉత్తరంలో నిజం ఆ కవరు మీదే ఉంది. "వాడి చేతులు వణుకుతున్నాయట, మీరెప్పుడైనా అడిగారా?" అని నిలదీశాను. "అతను చెప్పలేదమ్మా," అంది. "స్క్రూలు తిప్పి బతికేవాడు చేతులు వణుకుతున్నాయని నోరారా ఎలా చెప్తాడండీ? మీరే అడగాలి," అన్నాను. బయట వరసలో కూర్చున్నవాళ్ళంతా తలుపులోంచి తొంగిచూశారు. డాక్టరమ్మ నీ పాత ఫైలు తెరిచి అందులో ఏదో రాసుకుంది. తర్వాత, "నిజమే, అడగాల్సింది. మోతాదు మార్చొచ్చు, బిళ్ళే మార్చొచ్చు. వణుకుతో బతకమని నేననను. కానీ తనంతట తను ఒక్కసారిగా ఆపెయ్యకూడదు. వెంటనే రమ్మనండి. రాలేకపోతే అక్కడి డాక్టరుతో నేను మాట్లాడతాను," అంది.

నీ భాషలోనే చెప్తాను విను. లిఫ్టులో అద్దం తుడవాలి, ఫ్యాను తిరగాలి, తలుపు పట్టాలకి నూనె రాయాలి. ఎవరొద్దన్నారు? బ్రేకు కీచుమంటోందని ఎవడైనా బ్రేకే ఊడదీసి, అద్దం తళతళలాడుతోంది కదా ఎక్కండి అంటాడా? అంటే నువ్వే వాడి చెంప పగలగొడతావు. ఇప్పుడు నీ చెంప నాకు అందనంత దూరంలో ఉంది. అదీ నా బాధ.

ఇక ఒక సంగతి ఇంతసేపూ దాచాను. ఎలా రాయాలో తెలియక గొడుగు దగ్గర్నుంచి మొదలుపెట్టాను.

పోయిన నెల మీ ఇంటికి వచ్చాను కదా. అప్పటికి నువ్వు బిళ్ళలాపిన సంగతి నాకు తెలీదు. అద్దం పక్కన అలమరలో ఆ పెద్ద సీసా చూపించి, "ఇదక్కా నా కొత్త ప్రాణం" అని గొప్పలు పోయావు. నాకు చెయ్యి దురద పెట్టింది. నా సంగతి నీకు తెలుసు. నీ చొక్కా చేతులు కుట్టేసినదాన్ని, నీ టీలో ఉప్పేసినదాన్ని, మీ బావ మోకాలి తైలం సీసాలో కొబ్బరినూనె పోస్తే "ఇది బాగా పట్టిందే" అనిపించినదాన్ని. నువ్వు పనికి పోగానే, మరదలు స్నానానికి వెళ్ళగానే, సీసా వంటింట్లోకి తెచ్చి, తలపిన్నుతో ఒక్కో క్యాప్సూలూ విప్పి, లోపలి పొడి సింకులో వంపేసి, గోధుమపిండి కూరి మూసేశాను. అన్నీ. అప్పట్నుంచీ నువ్వు మింగుతున్నది పిండిరా. నమ్మవా? లేచి వెళ్ళి ఒకటి విప్పి నాలుక మీద వేసుకుని చూడు. ఉత్తరం కింద పెట్టి వెళ్ళు. నేనెక్కడికీ పోను.

తిట్టుకో. తిట్టుకున్నాక ఆలోచించు. నేనొచ్చి వెళ్ళాకే కదా నీకు అసలు రెక్కలొచ్చాయి? మేడ, కంపెనీ, బెల్టు లేకుండా దిగడం, అన్నీ ఆ తర్వాతే. పిండి మింగి ఎగిరావా? చపాతీలు తిన్నవాళ్ళంతా ఎగరడం లేదే! అంటే నిన్ను ఎగరేస్తున్నది ఆ సీసా కాదు. మరి ఎవరు? అప్పుడు నా ఇంటి తలుపులు ఊడదీసింది ఎవరో, వాళ్ళే. వాళ్ళు నిన్ను ఎంత ఎత్తు నుంచి వదిలేస్తారో నువ్వు మర్చిపోయావు. దుప్పటి అవతల కూర్చున్నదాన్ని, నేను మర్చిపోలేదు.

కాబట్టి ఈ ఉత్తరం మడతపెట్టి, మరదల్ని వెంటబెట్టుకుని అక్కడి డాక్టరు దగ్గరికి పో. చేతుల వణుకు గురించి నువ్వే నోరు తెరిచి చెప్పు. సీసా కూడా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టు, అందులో పనికొచ్చేది ఏదైనా ఉంటే ఆ డాక్టరే చెప్తారు. అంతవరకూ ఏ గోతిలోకీ దిగొద్దు. మీ పెద్ద మెకానిక్‌తో మాట్లాడాను, నిన్ను మెట్లు కూడా ఒంటరిగా ఎక్కనివ్వనన్నాడు. "మీ అక్క నోరు చాలా పెద్దదయ్యా" అని నీతో అంటాడు. అననీ.

నాకు లాండ్రీలో సెలవు దొరికింది. కుక్కరమ్మే ఇచ్చింది. "తమ్ముడికి బాగాలేదు" అనగానే విజిల్ వెయ్యకుండా, "నువ్వు లేకపోతే ఇక్కడ నవ్వేవాళ్ళుండరు, తొందరగా రా," అంది. నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళావని మరదలు ఫోన్ చేస్తే మామూలు అక్కలా వస్తాను. చెయ్యకపోతే మీ బావని కూడా తీసుకొస్తాను. ఆయన నీ ఎదురుగా కూర్చుని ఏమీ మాట్లాడకుండా పేపరు చదువుతారు. దానికంటే ఘోరమైన శిక్ష నాకు తెలీదు.

ఇట్లు,
నీ మీద కోపం ఇంకా చల్లారని,
చల్లారే ఉద్దేశం కూడా లేని
మీ అక్క

తాజా కలం: నాలుక మీద వేసుకున్నావా? చేదుగా ఉందా? ఉంటుంది మరి, ఆకులూ వేళ్ళూ కదా. నీ సీసా నేను ముట్టుకోలేదురా. పిండి అంతా కల్పన, అంటే డాక్టరమ్మ వేలు పెట్టిన ఆ ఆకు కూడా నిన్ను పైకి తోసి ఉండొచ్చు. ఇంట్లో ఉన్నంతసేపూ నువ్వు నా వెనకే తిరుగుతూ మాట్లాడావు, పనికి పోయాక ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నావు. తలపిన్ను తీసే సందు కూడా ఇవ్వలేదు. ఆ ఒక్కటీ తప్ప ఈ ఉత్తరంలో అబద్ధం లేదు. ఒక్క సంగతి మాత్రం చూసుకో. చిరునవ్వుగాడు చెప్పింది విప్పి చూడకుండా మింగావు. నేను చెప్పింది మాత్రం లేచి వెళ్ళి విప్పి చూసుకున్నావు. అంటే నీ బుర్ర ఇంకా నీ దగ్గరే ఉంది. అది ఉండగానే దాన్ని తీసుకుని డాక్టరు దగ్గరికి పో.